పది గంటల సముద్రం

బాహుదా మొగవి
ముప్ఫయ్యారేళ్ళ బొమ్మలు దించుకున్నాను.
ఫైలు మీద ఒడియాలో ముహాణ అనే ఉంది.
లోపల గీతల పక్కన మాత్రం
మొగ అని తెలుగులో రాసుకున్నాను.
బరంపురం ఆఫీసులో అంతలోపలికి తెరిచి చూసేవాళ్ళు లేరు.

ఆరువందల పన్నెండు బొమ్మలు.
మబ్బు తిన్నవి తీసేస్తే రెండువందల నలభై.
ఆషాఢం నుంచి ఆశ్వయుజం దాకా
ఏ ఏడూ మొగకు ముఖం లేదు.

ఒక్కో గడి ముప్ఫై మీటర్లు.
ఎన్నిసార్లు తడి, ఎన్నిసార్లు పొడి
లెక్కపెడుతూ పోతే
ఎటూ తేల్చుకోని గళ్ళు కొన్ని మిగులుతాయి.
అదే పర్ర.
దానికి పసుపు వేశాను.

ఎనభై ఎనిమిదిలో పసుపు అరచేయంత.
ఫైలిన్ వెళ్ళాక బొటనవేలంత.
మొన్నటిదాంట్లో
ఎవరో తినేసి దులుపుకున్న నువ్వులు.

కింద మూలన రాష్ట్రాల హద్దు నేనే గీశాను,
చుక్కల గీత. ఉపగ్రహానికి అది కనబడదు.
నీళ్ళ మీదికొచ్చేసరికి
ఎక్కడ ఆపాలో తెలీక చెయ్యి ఎత్తేశాను.

"పర్ర అరవై శాతం తగ్గినది" అని రాసి
చాయ్ తాగి
కాగితం చుట్టుకుని సోనాపూర్ పేటకి వెళ్ళాను.

మైలపల్లి కొర్లమ్మ గుల్లలు ఒలుస్తోంది.
కాగితం అందుకుని తలకిందులు చేసింది.
"సముద్రం ముందుండాల గదా, పక్కనెట్టినావేటి?"
పసుపు మీద వేలు పెట్టింది, తీసింది.
వేలికి అంటుకుందేమో అన్నట్టు చూసుకుంది.

"నీ సుక్క ఏ యేలకొస్తాది?"
"పొద్దున్న పదింటికి. పదహారు రోజులకోసారి."
"అమాసకీనా?"
"ఏ రోజైనా పదికే."

నవ్వింది. చుట్ట పొగ అటూ ఇటూ అయింది.
"అమాస పొద్దున్న పదికి
నీరు ఒడ్డంతా ఎక్కుంటాది బావు.
బువ్వేలకే ఇంటికొచ్చి సూసి
ఈడెప్పుడూ తింటానే ఉంటాడన్నట్టుంది నీ లెక్క.
మార్గశిర అమాసకి రా.
కోడి కూయకముందు."

వెళ్ళాను. మూడు దాటింది.
తలలకి టార్చీలు కట్టుకుని పదకొండుమంది ఆడవాళ్ళు,
చేతుల్లో వంపు ఇనుపకొక్కేలు.
సముద్రం ఎక్కడో చప్పుడు తప్ప లేదు.
నడిచాం, నడిచాం.
చెప్పు ఒకటి బురద మింగేసింది.
ఎవరో పిల్ల కిసుక్కుమంది.

ఫోన్లో నా బొమ్మ తెరిచాను.
నేనున్న చోటు చూపే చుక్క
నీలం గళ్ళ మధ్యలో నిలబడింది,
ముప్ఫయ్యారేళ్ళుగా ఒక్కసారీ ఆరని గళ్ళు.
పిక్కలదాకా చల్లటి బురద,
కాలివేళ్ళ కింద ఏదో కదిలి పక్కకి పోయింది.
లెక్క ప్రకారం నేను మునిగిపోయినవాణ్ణి.

"అయితే తగ్గలేదా అప్పా?" అన్నాను,
గొంతులో ఆశ నాకే వినబడింది.

కొర్లమ్మ వంగినది లేవలేదు.
"తగ్గనేదని నానన్నానా?
మా అత్త రోజుల్లో అదిగో, ఆ పడవ దీపం కాడిదాకా.
అప్పుడు మూడు గంపలు. ఇప్పుడు గంపన్నర.
నీకు అరవై పోయింది, నాకు సగం పోయింది.
సగం సాలదేటి ఏడవడానికి?"

తూర్పు తేరకముందే నీరు తిరిగింది.
ముందు చిన్న కాలువల్లోంచి, దొంగలా,
తర్వాత అడ్డూ ఆపూ లేకుండా.
ఆడవాళ్ళు గంపలెత్తుకుని వెళ్ళిపోయారు.
పిట్టలు కూడా లేచిపోయాయి,
వాటి పేర్లు నాకు ఇంగ్లీషులోనే తెలుసు.

ఆ రోజు దాని వంతు కూడా.
ఒంటి చెప్పుతో ఇసుక మీద కూచున్నాను.
పది దాటి పదకొండు నిమిషాలకి తలెత్తి చూశాను.
ఏమీ కనబడలేదు.
ఎదురుగా సముద్రం
అప్పుడే వడ్డించుకున్నవాడిలా
నిండా ముందుకి జరిగి
తింటూ ఉంది.